ఏడు–ఆరు సభ: అనంతపురం జిల్లాలో ఒక మండల పరిషత్తు కేస్ స్టడీ

2006 జూలైలో కొలువుదీరి, 2011 జూలైలో గడువు ముగిసిన ఒక మండల పరిషత్తు గురించి రాస్తున్నాను. అనంతపురం జిల్లాలోని మండలం. పేరు రాయడం లేదు. అప్పటి సభ్యుల్లో చాలామంది ఇంకా రాజకీయాల్లోనే ఉన్నారు, కొందరు జెండాలు మార్చారు, వాళ్లను ఇరకాటంలో పెట్టడం నాకు ఇష్టం లేదు. పాలకవర్గం ఏర్పడిన కొన్నాళ్లకు నేను అక్కడికి ఎంపీడీవోగా, అంటే మండల పరిషత్తు అభివృద్ధి అధికారిగా, బదిలీ మీద వెళ్లాను. గడువు ముగిసేదాకా అక్కడే ఉన్నాను.

స్థానిక ఎన్నికల సంస్కరణ అనగానే పార్టీ గుర్తులు తీసెయ్యాలన్న మాట మొదట వస్తుంది. మా ప్రాంతంలో ఈ మాట నాకు ఎప్పుడూ పెద్దగా నచ్చలేదు. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తు లేదు. అయినా ఏ సర్పంచి ఎవరి మనిషో పోలింగుకు ముందే ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఎంపీటీసీకి, అంటే మండల పరిషత్తు సభ్యుడికి, గుర్తు ఉంది. రెండు ఎన్నికల్లోనూ కొట్టుకునేది ఆ రెండు వర్గాలే. అందుకే నా దృష్టి బ్యాలెట్ పేపరు మీదకంటే సభ లోపల జరిగే పనుల మీద ఉండేది. పనుల జాబితా ఎవరు రాస్తారు, ఎవరు ముందు మాట్లాడతారు, ఎవరు ఎవరి ఊరు చూసి వస్తారు, ఏది బయటికి చెప్పి ఓటేస్తారు, ఏది చీటీ మీద వేస్తారు అన్నవి. చట్టం మార్చే శక్తి మండల ఆఫీసుకు లేదు కాబట్టి మా చేతిలో ఉన్నవి కూడా ఇవే.

సభ ఎలా పుట్టింది

పదమూడు మంది ఎంపీటీసీలు. ఒక పార్టీకి ఏడుగురు, రెండో పార్టీకి ఆరుగురు. అధ్యక్ష పదవి మహిళకు రిజర్వు అయింది. వీళ్లు కాక ఒక కో-ఆప్టెడ్ సభ్యుడు, హోదా రీత్యా ఎమ్మెల్యే, ఎంపీ. జడ్పీటీసీ (జిల్లా పరిషత్తు సభ్యుడు), సర్పంచులు శాశ్వత ఆహ్వానితులు. వాళ్లు మాట్లాడవచ్చు, ఓటు మాత్రం ఉండదు.

ఒక్క ఓటు తేడా ఉన్న సభలో అధ్యక్ష ఎన్నిక ఎలా జరుగుతుందో రాయలసీమలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఫలితాలు వచ్చిన రాత్రే ఏడుగురినీ వాహనాలెక్కించి బెంగళూరు వైపు తీసుకెళ్లారు. మహిళా సభ్యుల వెంట భర్తలు, అన్నదమ్ములు. ఫోన్లు ఒకరి దగ్గర పెట్టించారు. ఎన్నిక రోజు ఉదయం జీపుల్లో నేరుగా మండల ఆఫీసు గేటు దగ్గర దించారు. చేతులు ఎత్తించారు, సంతకాలు చేయించారు, అయిపోయింది. ఈ వివరాలన్నీ రెండు వైపులవాళ్లూ తర్వాత నాకు చెప్పినవే. చెప్పేటప్పుడు ఎవరూ సిగ్గుపడలేదు. ఆరుగురి వైపు వాళ్లకు ఒకటే బాధ, ఏడో మనిషిని ముందుగా తాము పట్టుకోలేకపోయామని.

సభ్యులను ఇలా తీసుకెళ్లి దాచే క్యాంపులు ఎప్పటి నుంచో ఉన్నాయనుకుంటారు చాలామంది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం సమితులు తీసేసి మండలాలు తెచ్చింది. 1987లో మండల అధ్యక్షుణ్ని ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. క్యాంపు పెట్టాల్సిన అవసరమే లేదు, మండలం మొత్తాన్ని బెంగళూరు తీసుకెళ్లలేరు కదా. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టంతో అది పరోక్ష ఎన్నికయింది. ఎంపీటీసీలు తమలో ఒకరిని ఎన్నుకోవాలి, అదీ చేతులెత్తి, పార్టీ విప్ (ఎవరికి ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ప్రకారం. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. పార్టీ ఫిరాయింపు ఆపడానికి పెట్టిన ఏర్పాటు ఇది. ఉద్దేశం మంచిదే. కానీ పది పదిహేను మంది ఉన్న సభలో చేతులెత్తే పద్ధతి అంటే, ఎవరికి ఎంత ఖర్చు పెట్టామో, ఆ ఖర్చుకు ఫలితం వచ్చిందో లేదో కళ్లారా లెక్క చూసుకునే పద్ధతి కూడా.

ఈ కేసులో క్యాంపు ఖర్చు భరించిన పెద్దమనిషి ఎంపీటీసీ కాదు, సర్పంచి కూడా కాదు. చిన్న చిన్న పనులు చేసుకునే కాంట్రాక్టరు. ఆ డబ్బు ఆయనకు తిరిగి రావాలంటే మండల పరిషత్తు పనులు ఏడుగురి ఊళ్లకే పోవాలి, టెండరు లేకుండా నామినేషన్ మీద ఆయన మనుషులకే రావాలి. ఆరుగురి ఊళ్లకు పని రాస్తే అక్కడ చేసేది అవతలి వర్గం కాంట్రాక్టరు. కాబట్టి ఆ ఊళ్లలో బడి పైకప్పు కురుస్తున్నా, చేతి పంపు చెడిపోయినా రాయరు. పార్టీల పట్టింపు అని మనం పైకి చూసేదాంట్లో ఎక్కువ భాగం ఇదే, ఎన్నిక ఖర్చు రాబట్టుకునే వ్యవహారం. ఇది అర్థమైతే మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. అర్థం కాకపోతే ‘అందరూ కలిసి పనిచేయండి’ అని ప్రతి సమావేశంలో ఒక ఉపన్యాసం ఇచ్చి ఊరుకుంటాం.

నేను చేరేనాటికి

వరసగా సర్వసభ్య సమావేశాలు గొడవతోనే ముగుస్తున్నాయి. అజెండా చదవగానే ఆరుగురూ లేచి పోడియం దగ్గరికి వచ్చేవారు. కాసేపు కేకలు, ఆ తర్వాత వాకౌట్. మిగిలిన ఏడుగురూ పది నిమిషాల్లో అన్ని తీర్మానాలూ ఆమోదించేవారు. వ్యవసాయాధికారి, ఎంఈవో, పశువైద్యుడు, గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు (ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈ) వచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి, టీ తాగి వెళ్లేవారు. వాళ్లను ప్రశ్న అడిగేవారే లేరు. నిజానికి ఆ గొడవ వల్ల అందరికంటే సుఖపడింది శాఖల అధికారులు. ఇది నాకు తర్వాత బాగా పనికొచ్చిన గమనిక, ఎందుకంటే రెండు వర్గాలకూ ఉమ్మడిగా కోపం తెప్పించగల విషయం అదొక్కటే కనబడింది.

ఒక సభ్యుణ్ని విడిగా అడిగాను, ఎందుకప్పా ప్రతిసారీ లేచిపోతారు అని. ‘ఉండి ఏం చేయాల సార్? మా ఊరికి పని రాయరు, మా మాట రాయరు. పోతే కనీసం పేపర్లో వస్తుంది’ అన్నాడు. మనిషి మొండివాడు కాదు. అతని లెక్క అతనికి సరిగ్గానే ఉంది. వాకౌట్ చేస్తే ఫొటో పడుతుంది, కూర్చుంటే ఏమీ లేదు.

అదే సమయంలో ఒక అవకాశం వచ్చింది. వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి, బీఆర్‌జీఎఫ్, మొదలైంది. దేశం మొత్తం మీద 250 జిల్లాలను ఎంపిక చేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలకు అది వచ్చింది. మా అనంతపురం, పక్కన కడప అందులో ఉన్నాయి. ఆ నిధి పెట్టిన షరతు నాకు ఆయుధమయింది. పంచాయతీ, మండల, జిల్లా పరిషత్తులు తమ ప్రణాళికలు తామే తయారుచేయాలి. వాటిని జిల్లా ప్రణాళికా కమిటీ కలిపి ఆమోదించాలి. కొట్లాడుకుని ప్రణాళిక పంపకపోతే డబ్బు పక్క మండలానికి పోతుంది. ఏడుగురికీ ఆరుగురికీ ఇద్దరికీ నొప్పి తగిలే మాట ఇది.

సమాన వాటా అనే తేలిక దారి

మొదటిసారి కూర్చుని మాట్లాడినప్పుడే సభ్యులు తమ పరిష్కారం చెప్పేశారు. ‘ఉన్నది పదమూడు భాగాలు చేయండి సార్. ఎవరి భాగం వాళ్లు రాసుకుంటారు. గొడవే ఉండదు.’ ఏడుగురిలోనూ కొందరు ఒప్పుకున్నారు, ఎందుకంటే వాళ్ల వర్గంలోనూ నాయకుడికి దగ్గరివాళ్లకే ఎక్కువ పోతోంది.

గొడవ లేకుండా పోవడం నిజమే. ఆ ఏడాది వాకౌట్ జరగలేదు. సమావేశం నడిచింది. కానీ ప్రతి భాగం చిన్నది కావడంతో, ఎవరికి వాళ్లు తమ ఇంటి సందుకు పది గజాల సిమెంటు రోడ్డు, రోడ్డు లేని చోట కల్వర్టు, ఎవరూ ఎక్కని రచ్చబండ లాంటివి రాశారు. ప్రతి ఎంపీటీసీ తన భాగానికి తానే చిన్న కాంట్రాక్టరయ్యాడు. రెండు ఊళ్లకు కలిపి కావాల్సిన నీటి పైపు లైను ఎవరి భాగంలోనూ పట్టలేదు. పక్షపాతం తగ్గిందని సంబరపడాల్సినంతగా ఏమీ జరగలేదు. ఇంతకుముందు ఒక వర్గం తినేది, ఇప్పుడు ఇద్దరూ తింటున్నారు. చాలా మండలాల్లో, మునిసిపాలిటీల్లో వార్డుకు ఇంత అని పంచి ‘సామరస్యం’ అని పేరు పెట్టడం చూశాను. నా దృష్టిలో అది సామరస్యం పేరుతో సభను మూసేయడమే. ఎవరి వాటా వాళ్లకు ముట్టాక ఇక కలిసి ఆలోచించాల్సింది ఏముంది?

రెండో ఏడాదికి దీన్ని మార్చాలంటే సమాన వాటాను పూర్తిగా తీసేయడం కుదరదని తెలుసు. సభ్యుడు ఊళ్లో తల ఎత్తుకోవాలి కదా. అందుకని చిన్న మరమ్మతులకు ఒక సమాన భాగం ఉంచాం. పెద్ద భాగాన్ని అవసరాన్ని బట్టి పెట్టాలని తీర్మానం చేయించాం. అవసరం ఎవరు తేల్చాలన్నది ప్రశ్న. ఆఫీసు తేలిస్తే అధ్యక్షురాలి మనిషి అంటారు, ఏఈ తేలిస్తే కాంట్రాక్టరు మనిషి అంటారు.

జంటలుగా ఊళ్లు చూడటం

ఇక్కడ చేసిన ఏర్పాటే ఈ మొత్తం వ్యవహారంలో నాకు ముఖ్యంగా తోస్తుంది. కాస్త వివరంగా రాస్తాను.

ఏడుగురి పేర్లు ఒక గ్లాసులో, ఆరుగురి పేర్లు ఇంకో గ్లాసులో వేసి, అటొకటి ఇటొకటి తీసి జంటలు కట్టాం. ఏడుగురిలో అధ్యక్షురాలి పేరు మాత్రం వేయలేదు, ఆమె ఏ జంటలోనూ ఉండరు. ప్రతి జంటకూ రెండు మూడు పంచాయతీల్లోని ఆవాసాలు. షరతు ఒకటే, అవి ఆ ఇద్దరిలో ఎవరి నియోజకవర్గంలోవీ కాకూడదు. ఒక కాగితం ఇచ్చాం. ఎన్ని ఇళ్లు, మంచినీళ్లు ఎక్కడి నుంచి, ఎంత దూరం, వేసవిలో ఎన్ని రోజులకొకసారి, బడికి గదులు సరిపోతాయా, వానకు దారి తెగుతుందా. కింద ఇద్దరి సంతకాలు. ఇద్దరికీ కుదరకపోతే ఎవరి అంకె వాళ్లు రాయాలి, అప్పుడు నేనూ ఏఈ వెళ్లి చూస్తాం.

మొదట నవ్వారు. ‘వాళ్లతో కలిసి జీపులో పోవాలంటే మా ఊర్లో ఏమనుకుంటారు సార్’ అన్నారు. అది నిజమైన భయమే. ఫ్యాక్షన్ జ్ఞాపకాలున్న ఊళ్లలో అవతలి వర్గం మనిషితో ఒకే బండిలో కనపడటం చిన్న విషయం కాదు. అందుకే ఆఫీసు జీపు, వెంట ఒక పంచాయతీ కార్యదర్శి, పగటిపూటే, ముందుగా దండోరా వేయించి. ఇది ప్రభుత్వ పని అని ఊరందరికీ తెలియాలి. ఒక జంట అసలు వెళ్లలేదు. పాత కేసులున్న కుటుంబాలవి, మేం బలవంతం చేయలేదు, చీటీ మళ్లీ తీశాం.

ఒక జంటలో ఏడుగురి వర్గంలోని పెద్దాయన, ఆరుగురిలోని ఒక యువతి పడ్డారు. ఆమె డిగ్రీ దాకా చదివింది, లెక్క రాయడం ఆమె పని. పెద్దాయనకు ఊళ్లు, చెరువులు, పాత బావులు అన్నీ తెలుసు. వాళ్లకు వచ్చిన ఊరిలో సత్యసాయి తాగునీటి పథకం నీళ్లు వస్తాయని మా రికార్డుల్లో ఉంది. ట్యాంకు కూడా ఉంది. ఊరి చివర కాలనీకి మాత్రం పైపు ఒక పొలం గట్టు దగ్గర ఆగిపోయింది. ఆ పొలం పెద్దాయన వర్గం నాయకుడి బంధువుది. పెద్దాయన ఏం మాట్లాడలేదు. కాగితం మీద ‘నీళ్లు రావు’ అని రాయించి, వేలిముద్ర కాకుండా తనకు వచ్చిన సంతకం వంకరటింకరగా పెట్టాడు.

సమావేశంలో ఆ ఊరు జాబితాలో పైకి వచ్చింది. అధ్యక్షురాలి భర్త వెనక వరుసలో నుంచి లేచాడు. భర్తలు సభలో కూర్చోకూడదని ఆదేశాలు ఉన్నాయి. మాకు వీలైంది ఆయన్ను వేదిక మీద నుంచి వెనక కుర్చీకి పంపడం వరకే.

‘ఏం మామా, మన ఊరిది వదిలి వాళ్ల ఊరికి రాస్తివే?’

‘పోయి చూసి వచ్చినా అల్లుడూ. బిందెలు వరసగా పెట్టుకోని ఎండలో కూర్చోని ఉండారు. నేను రాయకపోతే ఆ పాప రాసేది. ఇద్దరం ఒకటే రాసినాం.’

ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఆ పైపు లైను పని మంజూరైంది. పొలం గట్టు దగ్గర పైపు వేయించడానికి ఇంకొన్ని నెలలు పట్టింది, అది వేరే కథ.

ఈ పద్ధతి ఎందుకు పనిచేసిందని నన్ను శిక్షణ తరగతుల్లో అడుగుతుంటారు. మనుషులు మంచివాళ్లయిపోయారని నేను చెప్పను. తన ఊరు కాని ఊరికి వెళ్లిన సభ్యుడికి అక్కడ సాధించాల్సిన సొంత లాభం లేదు, అబద్ధం రాస్తే పక్కనున్న మనిషి పట్టుకుంటాడు. అంతకంటే ముఖ్యం, తన వర్గం వాళ్లు నిలదీస్తే చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది, ‘ఇద్దరం సంతకం పెట్టాం, నేనొక్కణ్ని ఏం చేసేది?’ అని. మా ప్రాంతంలో వర్గం మాట దాటలేనివాళ్లకు కావాల్సింది నీతి పాఠం కాదు, దాటడానికి ఒక సాకు. నియమం ఆ సాకు ఇస్తుంది.

కుర్చీలు, రిజిస్టరు, నోటీసు బోర్డు

మిగతావి చిన్న మార్పులు. కుర్చీలు ఎడమా కుడీ వర్గాలుగా ఉండేవి. నియోజకవర్గాల పేర్ల అక్షర క్రమంలో వేయించాం. పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఒకేసారి లేచి వాకౌట్ చేయడం అంత తేలిక కాదు. మాట్లాడే వరస చీటీతో. ప్రశ్నలు ముందురోజుకల్లా రిజిస్టరులో రాయాలి. సమావేశంలో మొదటి అంశం గత సమావేశంలో అడిగినవాటికి శాఖల జవాబులు. ఇది పెట్టిన తర్వాత పోడియం దగ్గరికి వచ్చే కోపం అధికారుల వైపు మళ్లింది. ఒకసారి విత్తన వేరుశనగ పంపిణీ మీద రెండు వర్గాలూ కలిసి వ్యవసాయాధికారిని గంటసేపు నిలబెట్టాయి. ఆయనకు టెన్షన్, నాకు లోలోపల సంతోషం. అతను మంచి అధికారే, పాపం.

తీర్మానాలు అదే రోజు చదివి సంతకాలు పెట్టించి, నకలు ప్రతి పంచాయతీ నోటీసు బోర్డుకు పంపేవాళ్లం. ఏ పనికి ఎంత అంచనా, ఎవరు చేస్తున్నారు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) రికార్డు అయిందా, బిల్లు ఎంత అయిందన్నవి కూడా. కాంట్రాక్టరు పెద్దమనిషి దీనికి ఒప్పుకోలేదు, ‘ఆఫీసు లెక్కలు ఊరికెందుకు సార్’ అన్నాడు. అప్పటికి సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు, 2005 అక్టోబరు 12 నుంచి. దాని 4వ సెక్షన్ ప్రకారం ఎవరూ అడగకముందే ఇలాంటి వివరాలు మేమే బయట పెట్టాలి. ఆ కాగితం చూపించాను. నా సొంత నిర్ణయమని చెప్పి ఉంటే బదిలీ అయ్యేవాణ్నే.

చీటీ ఓటు

జంటలు తెచ్చిన జాబితాలో అవసరాన్ని బట్టి ముందున్న పనులు ఎప్పుడూ డబ్బుకంటే ఎక్కువే ఉండేవి. వాటిలో ఏవి ముందు అన్నదానికి ప్రతి సభ్యుడికీ ఒక చీటీ ఇచ్చి, ఐదు పనులకు టిక్కు పెట్టమన్నాం. పేరు రాయక్కర్లేదు. లెక్క అందరి ముందూ. వచ్చిన వరసను తర్వాత మామూలుగా చేతులెత్తి తీర్మానం చేసేవారు, కాబట్టి చట్టానికి ఇబ్బంది లేదు. విప్ నిబంధన పదవుల ఎన్నిక కోసం పెట్టింది. బోరు ముందా బడి ముందా అన్నదాని మీద విప్ ఎవరూ జారీ చేయరు.

అన్నీ తారుమారు కాలేదు. ఎక్కువ టిక్కులు ఎవరి ఊళ్లకు వాళ్లవే. కానీ ఐదు టిక్కుల్లో ఒకటి రెండు అవతలి వైపు పడేవి, పదమూడు మంది సభలో ఒక పనిని పైకి తేవడానికి అవి చాలు. మొదటిసారి లెక్క అయ్యాక ఏడుగురి నాయకుడు ‘మనవాళ్లలో ఎవరు వేసింది?’ అని అడిగాడు. చీటీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే రకం టిక్కు. ఎవరూ చెప్పలేదు. ఆయన ఇంకోసారి అడగలేదు.

రిటైరయ్యాక ఇలాంటివి ఇంకెక్కడున్నాయా అని చదివాను. కెనడా ఉత్తరాన 1999లో ఏర్పడిన నునావుట్ అనే ప్రాంతానికి 22 మంది సభ్యుల శాసనసభ ఉంది. పార్టీలే లేవు. ఎవరికి వారు నియోజకవర్గాల్లో పోటీ చేసి గెలుస్తారు, ఆ తర్వాత అందరూ కూర్చుని స్పీకర్నీ ముఖ్యమంత్రినీ మంత్రుల్నీ రహస్య ఓటుతో ఎంచుకుంటారు. మంత్రులకంటే మిగతా సభ్యులే ఎక్కువ, కాబట్టి వాళ్లను ఒప్పించకుండా ఏదీ గడవదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం 1934లో ఓటర్ల ఆమోదంతో రెండు సభలను ఒకటి చేసుకుంది, 1937 నుంచి ఆ ఒక్క సభే. ఇప్పుడు 49 మంది. బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు. కమిటీ అధ్యక్షులను సభ్యులంతా రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. నెబ్రాస్కాలో ఎవరు ఏ పార్టీయో అందరికీ తెలుసు, సర్పంచుల సంగతిలాగే. గుర్తు తీసేసినంత మాత్రాన అక్కడా పార్టీ మాయం కాలేదు. ఆ సభను పార్టీ పట్టు నుంచి కాస్త విడిపించింది లోపలి రహస్య ఓటని నా అభిప్రాయం.

సామాన్య ఓటరుకు రహస్య ఓటు ఎందుకిచ్చామో అందరికీ తెలుసు, ఊరి పెద్ద బెదిరించకుండా. ఎంపీటీసీని బెదిరించే పెద్ద ఇంకా పెద్దవాడు. అయినా అతని చేత చెయ్యి ఎత్తిస్తాం. ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధి ఎటు ఓటేశాడో ప్రజలకు తెలియాలన్న వాదన ఉంది. తీర్మానాలకు, బడ్జెట్‌కు అది సరైనదే, అక్కడ బహిరంగంగానే ఉండాలి. మనిషిని ఎంచుకునే ఓటుకూ, డబ్బు పెట్టే నిర్ణయానికీ ఒకే నియమం పెట్టడం మాత్రం నాకు సబబుగా కనిపించదు.

ఎక్కడ తెగింది

2009 ఎన్నికలు దగ్గర పడేసరికి సభ మళ్లీ రెండుగా చీలింది. అనంతపురంలో పోలింగ్ ఏప్రిల్ 23న. అంతకు చాలా ముందు నుంచే జంటలు ఆగిపోయాయి. అవతలివాడితో జీపెక్కితే టికెట్టు రాజకీయంలో వాడి మనిషి అయిపోయాడని ప్రచారం. కోడ్ వచ్చి కొత్త పనులు ఎలాగూ లేవు. ఎన్నికలయ్యాక మళ్లీ మొదలుపెట్టడానికి చాలా కాలం పట్టింది. అదే ఏడాది సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఆ తర్వాత రాయలసీమలో పార్టీలే అటూ ఇటూ అయ్యాయి. మా ఏడుగురు ఒక్క వైపుగా మిగల్లేదు. విచిత్రంగా, జంటలు మళ్లీ కట్టడానికి ఆ గందరగోళం మాకు అనుకూలించింది. ఎవరు ఏ వైపో ఎవరికీ ఖాయంగా తెలియనప్పుడు అవతలివాడితో తిరిగితే తప్పు పట్టేదెవరు?

ఇళ్ల మంజూరు, పింఛన్ల జాబితా మా పద్ధతిలోకి రానే లేదు. అవి మండల పరిషత్తు చేతిలో ఉన్నట్టు కనబడతాయి, నడిచేది ఎమ్మెల్యే ఇంటి దగ్గర. కాబట్టి మేం ఒక మూల పక్షపాతం తగ్గిస్తే ఇంకో మూలకు అది చేరింది. నీళ్లు, బడి, దారి విషయంలో ఆ మండలంలో ఏ పార్టీ ఊరన్న ప్రశ్న పలచబడింది. ఇల్లు, పింఛను విషయంలో అంగుళం కదల్లేదు. క్యాంపు పెట్టిన కాంట్రాక్టరుకు పనుల్లో రాబడి తగ్గింది. ఆయన తర్వాత ఎన్నికల్లో ఖర్చు పెట్టడం మానేశాడా అంటే, 2011 జూలైతో గడువు ముగిశాక 2014 దాకా పరిషత్తులకు ఎన్నికలే జరగలేదు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. పరీక్షించే అవకాశం రాలేదు.

అధ్యక్షురాలి గురించి ఒక మాట. సభాపతిగా అందరికీ సమానంగా మాట్లాడే అవకాశం ఇవ్వాల్సింది ఆవిడే, ఒక వర్గానికి నాయకురాలిగా పనులు తేవాల్సిందీ ఆవిడే. ఒకే మనిషి మీద రెండు పనులు. మా జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికైనప్పుడు పార్టీకి రాజీనామా చేశారు. ఆయనకు ఆ వీలుంది, స్పీకరు ప్రభుత్వం నడపక్కర్లేదు. మండల అధ్యక్షురాలికి ఆ వీలు చట్టంలోనే లేదు. సమావేశాన్ని నడిపే బాధ్యత వేరొకరికి, ఉదాహరణకు అవతలి వర్గం నుంచి ఉపాధ్యక్షుడికి, ఇచ్చే ఏర్పాటు ఉంటే మా కుర్చీల గొడవ సగం తగ్గేది.

ఏకగ్రీవం మీద నా అభ్యంతరం

ఈ కేసు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, ఇంత తిప్పలు ఎందుకు, అందరూ కూర్చుని ఏకగ్రీవం చేసుకుంటే పోలా అంటారు. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవాలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. 2,000 లోపు జనాభా ఉంటే 5 లక్షలు, 10,000 దాటితే 20 లక్షలు. కొన్ని ఊళ్లలో నిజంగా మంచి మనిషిని అందరూ ఒప్పుకుని పెట్టుకుంటారు, చూశాను. ఇంకొన్ని చోట్ల గుడికి ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లకు పదవి, వేలం. మరికొన్ని చోట్ల నామినేషన్ వేయడానికే భయం. బయటికి ఈ మూడూ ఒకేలా కనబడతాయి. నునావుట్‌లో ఏకాభిప్రాయం పోటీ జరిగాక సభలో మొదలవుతుంది. మన ఏకగ్రీవం పోటీకి ముందే, సభ పుట్టకముందే ముగుస్తుంది. ఓడిన వర్గం ఎంతమందో తెలియని చోట వాళ్లకు సభలో చోటు ఇవ్వాలన్న ఒత్తిడి కూడా ఉండదు. ప్రోత్సాహకం ఇవ్వాలనుకుంటే, పోటీ జరిగిన చోట ఓడిన వర్గాన్ని కూడా ప్రణాళికలో కలుపుకున్న పంచాయతీకి ఇవ్వమంటాను.

నేరుగా ఎన్నిక మళ్లీ తేవాలనే వాదనా వింటుంటాను. 1987లో నేరుగా గెలిచిన అధ్యక్షులకు సభలో మెజారిటీ లేని చోట్ల పనులు ఎలా ఆగిపోయేవో పాత ఉద్యోగులు ఇప్పటికీ చెబుతారు. నేరుగా ఎన్నుకుంటే క్యాంపు పోతుంది, సభతో పేచీ వస్తుంది. పరోక్షంగా అయితే క్యాంపు వస్తుంది. రెంటిలో పరోక్షమే ఉంచి, చేతులెత్తడం తీసి, చీటీ పెట్టాలని నేను కోరతాను. అది జీవోతో అయ్యే పని కాదు, చేతులెత్తాలనీ విప్ పాటించాలనీ చట్టంలోనే ఉంది కాబట్టి శాసనసభ సవరించాలి. విప్ ఉన్న పార్టీలన్నీ దానికి అడ్డుపడతాయి, అన్నీ ఒకే మాట మీద నిలబడే అరుదైన సందర్భం అదే కావచ్చు.

2021 సెప్టెంబరులో మళ్లీ కొత్త పరిషత్తులు ఏర్పడ్డాయి. మధ్యలో కొన్నేళ్లు, 14వ ఆర్థిక సంఘం కాలంలో, మండల పరిషత్తులకు ఆ సంఘం నిధులే లేవు, మొత్తం గ్రామ పంచాయతీలకే వెళ్లాయి. 15వ ఆర్థిక సంఘంతో మళ్లీ వాటా వచ్చింది, అందులో ఎక్కువ భాగం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలన్న షరతుతో. జంటలుగా ఊళ్లు చూసే పద్ధతికి ఇంతకంటే అనువైన నిధి ఉండదు, ఎందుకంటే నీళ్లు వస్తున్నాయా లేదా అన్నది వెళ్లి చూస్తే తేలిపోయే విషయం. మొదలుపెట్టాలనుకునే ఎంపీడీవోలు జంటల చీటీలు అందరి ముందూ తీయండి, ఆవాసాల కాగితం రెండు పేజీలకు మించనివ్వకండి, మొదటి జాబితాను సార్వత్రిక ఎన్నికలకు కనీసం రెండేళ్ల ముందు పూర్తి చేయండి.